చెన్నైలో పెద్దవాళ్ల నడక ఆగేది ఎండ వల్లనా, వీధి వల్లనా?

మాంబళం_కోడలు
మా మామగారికి 76 ఏళ్లు. తెనాలిలో ఉన్నన్నాళ్లూ పొద్దున పాలకు, సాయంత్రం గుడికి, మధ్యలో కూరగాయలకు నడిచే వెళ్లేవారు. అత్తయ్యగారు పోయాక పశ్చిమ మాంబళంలో మా దగ్గరికి తీసుకొచ్చాం. సంక్రాంతి దాకా బాగానే తిరిగారు. మార్చి వచ్చాక గడప దాటడం మానేశారు. షుగరు పెరిగింది, మోకాళ్లు బిగుసుకుపోతున్నాయి. డాక్టరు రోజూ అరగంట నడవమన్నారు. వెళ్లండి అంటే "ఎండమ్మా" అంటారు. తెల్లవారుజామున వెళ్లమంటే "చీకటమ్మా" అంటారు. సాయంత్రం అంటే "బండ్లమ్మా" అంటారు. బద్ధకం వచ్చిందని ఇంట్లో అందరూ తేల్చేశారు. నాకు అలా అనిపించడం లేదు. తెనాలిలో ఎండ తక్కువా? రోళ్లు పగిలే ఎండల్లో కూడా నడిచిన మనిషి ఇక్కడ ఎందుకు ఆగిపోయారు? మీ ఇళ్లలో పెద్దవాళ్ల సంగతి ఎలా ఉంది?

లజ్_మూల
బద్ధకం కానే కాదు, వీధిదే తప్పు. మా నాన్నగారు మీ మామగారికంటే పెద్ద. మైలాపూరులో నాగేశ్వరరావు పార్కుకు రెండు వీధుల అవతల ఉంటాం. మే నెల కత్తిరి ఎండల్లో కూడా ఆయన నడక మానరు. పార్కులో పెద్ద చెట్ల నీడ ఉంది, కూర్చోవడానికి బెంచీలు ఉన్నాయి, అన్నిటికంటే ముఖ్యంగా ఇంటి నుంచి అక్కడికి పెద్ద రోడ్డు దాటాల్సిన పని లేదు. అమృతాంజనం, ఆంధ్రపత్రిక స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే ఆ పార్కుకు పెట్టారని కొత్తవాళ్లందరికీ గర్వంగా చెబుతారు. ఎండ ఊరందరికీ ఒకటే కదా, ఆయన ఎలా నడుస్తున్నారు మరి?

అంబత్తూరు_బాబాయి
ఊరందరికీ ఒకటే ఎండ అన్న మాట ఒప్పుకోను. మీరు సముద్రానికి దగ్గర. ఎండాకాలంలో మధ్యాహ్నం సముద్రపు గాలి ముందు మైలాపూరుకు చేరి, తర్వాత ఎప్పటికో పడమటన ఉన్న మా వైపు వస్తుంది. పడమటి గాలి బలంగా వీచే మే, జూన్ రోజుల్లో అది మా దాకా రావడానికి సాయంత్రం అవుతుంది, కొన్ని రోజులు అసలు రాదు. అలాంటి రోజుల్లోనే కదా 2003 మే నెలాఖరున నుంగంబాక్కం వాతావరణ కేంద్రంలో 45 డిగ్రీలు నమోదైంది. మీ నాన్నగారు నాలుగున్నరకు బయలుదేరగలరు. మా అమ్మ ఆరున్నర దాకా ఆగాలి. కాసేపటికే చీకటి పడుతుంది, ఫ్యాక్టరీల బండ్లన్నీ రోడ్డు మీదికి వస్తాయి. వాతావరణాన్ని తీసిపారేయకండి.

నడుస్తూనే_ఉందాం
ఇంత చర్చ ఎందుకు? మేడ మీద నడిపించండి. నీడ కావాలంటే రేకులు వేయించండి. కుక్కలు ఉండవు, బండ్లు ఉండవు, గుంటలు ఉండవు. మా బాబాయి అలాగే నడుస్తారు.

పెరంబూరు_వైద్యుడు
మేడ సంగతి తర్వాత. ముందు "తెనాలిలో ఎండ తక్కువా" అన్న ప్రశ్నకు జవాబు చెప్తాను. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. చెన్నై గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట కారుతుంది కానీ ఆరదు. అందుకే పొడి గాలి ఉన్న చోట 38 డిగ్రీలు ఓర్చుకున్నవారు ఇక్కడ 35కే ఉసూరుమంటారు. తెనాలిలోనూ ఉక్క ఉంటుంది, కాదనను, కానీ అక్కడ ఆయన వయసు కూడా తక్కువ. వయసు పెరిగేకొద్దీ చెమట పట్టడం తగ్గుతుంది, దాహం తెలియడం తగ్గుతుంది. దానికి తోడు రక్తపోటుకు నీరు తీసే మాత్రలు, గుండె వేగం తగ్గించే మాత్రలు వాడుతుంటే వేడి తట్టుకునే శక్తి ఇంకా తగ్గుతుంది. "ఎండమ్మా" అన్నది సాకు కాదు, ఆయన ఒళ్లు చెబుతున్న మాట.

బయలుదేరే ముందే నీళ్లు తాగించండి. గుండె, కిడ్నీ సమస్యల వల్ల నీళ్లు కొలిచి తాగమని చెప్పి ఉంటే మాత్రం మీ డాక్టరును అడిగి చేయండి. షుగరు ఉంది కాబట్టి, నడకలో అది పడిపోతే వేసుకోవడానికి జేబులో తీపి బిళ్లలు ఉండాలి. ఇంకొక మాట. గుడిలో మధ్యాహ్నం ప్రదక్షిణలు చేయనివ్వకండి. షుగరు వల్ల పాదాల స్పర్శ తగ్గినవాళ్లకు బండరాయి కాలుతున్నట్టు తెలియదు. ఇంటికి వచ్చాక బొబ్బలు చూసుకుంటారు. ప్రతి వేసవిలో నా దగ్గరికి అలాంటివాళ్లు వస్తారు.

మాంబళం_కోడలు
నీరు తీసే మాత్ర వేసుకుంటున్నారండీ. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. మా మేడ మీదికి లిఫ్టు లేదు, చివరి మెట్లు ఇనుపవి, చాలా నిటారుగా ఉంటాయి.

కోడంబాకం_తాత
ఇక్కడ అందరూ పెద్దవాళ్ల గురించి మాట్లాడుతున్నారు, పెద్దవాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నట్టున్నాను. నాకు 79. నడుస్తూనే ఉందాం గారూ, మేడ మీద నేనూ నడిచాను. గానుగెద్దులా గుండ్రంగా తిరగడం అది. కాళ్లకు పని దొరుకుతుంది, మనిషికి దొరకదు. నేను నడిచేది మనుషుల్ని చూడటానికి. మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర ఆగుతాను. అతను బొగ్గు రాజేస్తూ ఊరి సంగతులు చెబుతాడు. అక్కడి నుంచి మందుల షాపు దాకా వేపచెట్ల నీడ ఉంది. షాపు ముందు ఎత్తు అరుగు ఉంది, దాని మీద కూర్చుంటాను. మోకాలు నొప్పి ఉన్నవాడికి నేలబారు బెంచీ పనికిరాదు, లేవలేడు. ఆ అరుగు ఎత్తు నా తొడకు సరిపోతుంది, పక్కన పట్టుకోవడానికి ఇనుప కడ్డీ కూడా ఉంది. ఆ షాపు మూసి ఉన్న ఆదివారం నేను అంతదూరం పోను. ఎందుకంటే కూర్చోవడానికి ఇంకెక్కడా చోటు లేదు.

మేము ఎంత దూరం నడుస్తామో కాళ్లను బట్టి కాదు, ఎక్కడ కూర్చోవచ్చో దాన్ని బట్టి లెక్క వేసుకుంటాం. పడుచువాళ్లు ఈ లెక్క చూడరు. అమ్మా కోడలా, ఒక సంగతి అడుగుతాను. మీ మామగారికి తమిళం వచ్చా?

మాంబళం_కోడలు
ఒక్క ముక్క రాదండీ.

కోడంబాకం_తాత
అనుకున్నాను.

రిటైర్డు_ఇంజినీరు
తాతగారి అరుగు ఎత్తు మాట బంగారం. నేను రోడ్ల పనుల్లో చేశాను కాబట్టి కొలతలు చెప్తాను. మన దేశంలో పాదచారుల సౌకర్యాలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనలు ఉన్నాయి, 103వ నంబరు. 2012 ప్రతి ప్రకారం ఫుట్‌పాత్‌లో అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మీ వీధిలో టేపు పెట్టి చూడండి. చాలాచోట్ల అడుగు ఎత్తు ఉంటుంది. పైగా ప్రతి ఇంటి గేటు దగ్గర కారు కోసం దాన్ని తెగ్గొట్టి వాలు చేస్తారు. పది ఇళ్లు దాటితే పదిసార్లు దిగి పదిసార్లు ఎక్కాలి. అందుకే పెద్దవాళ్లు ఫుట్‌పాత్ వదిలి రోడ్డు మీద నడుస్తారు. చూసేవాళ్లు "ఫుట్‌పాత్ ఉండగా రోడ్డు మీదికి ఎందుకు వస్తారు" అని తిడతారు.

దీనికి తోడు కళ్లద్దాలు. దూరానికి, దగ్గరికి ఒకే అద్దం ఉన్నవాళ్లు కిందికి చూసినప్పుడు దగ్గరి చూపు కోసం చేసిన భాగంలోంచి చూస్తారు. మెట్టు అంచు మసకగా కనపడుతుంది. పడేది అక్కడే.

ఆళ్వార్‌పేట_అమ్మాయి
మా అమ్మ సరిగ్గా అలాగే పడింది. గేటు వాలు మీద. మణికట్టు విరిగింది. కట్టు విప్పాక కూడా ఆ వైపు వెళ్లడం లేదు. విరిగిన ఎముక అతుక్కుంది, భయం మాత్రం పోలేదు.

అన్నానగర్_బ్లాకు
అందరూ వీధిని తిడుతున్నారు కాబట్టి నేను ఇంకో వైపు చెప్తాను. మా అన్నానగర్ పద్ధతిగా కట్టిన పేట. అడ్డంగా నిలువుగా తిన్నని రోడ్లు, చెట్లు, 1968 వర్తక ప్రదర్శనకు కట్టిన టవరు ఉన్న పార్కు, అన్నీ నడక దూరంలో. అయినా మా అమ్మానాన్న సాయంత్రం ఆరు నుంచి సీరియళ్ల ముందు నుంచి లేవరు. వీధి ఎంత బాగున్నా మనిషికి అలవాటు ఉండాలి. అన్నిటికీ ప్రభుత్వాన్ని, ఫుట్‌పాత్‌ను అనడం తేలిక.

లజ్_మూల
పార్కుకు వెళ్లడానికి ఎన్ని పెద్ద రోడ్లు దాటాలి?

అన్నానగర్_బ్లాకు
ఒకటి. సిగ్నలు ఉంది.

రిటైర్డు_ఇంజినీరు
ఆ సిగ్నలు ఎన్ని సెకన్లు ఉంటుందో చూడండి. దాటే సమయం లెక్కవేసేటప్పుడు సాధారణంగా మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని అనుకుంటారు. 20 మీటర్ల రోడ్డుకు అలా 17 సెకన్లు. మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దావిడ సెకనుకు 0.8 మీటర్లు నడిస్తే 25 సెకన్లు కావాలి. మిగిలిన ఎనిమిది సెకన్లు ఆమె నడిరోడ్డు మీద ఉంటుంది, బండ్లన్నీ హారను కొడుతుంటాయి. అది రెండుసార్లు జరిగితే సీరియలే నయమనిపిస్తుంది.

అన్నానగర్_బ్లాకు
సరే, రేపు ఫోనులో సమయం చూసి చెప్తాను. అలవాటు మాటను మాత్రం వదులుకోను.

పెరంబూరు_వైద్యుడు
అలవాటు ముఖ్యమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 65 దాటినవాళ్లు కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలి. దాంతోపాటు వారానికి మూడు రోజులైనా శరీరం తూలకుండా నిలబెట్టే వ్యాయామాలు, కండరాల బలానికి వ్యాయామాలు చేయాలి. కానీ రోగికి చీటీ మీద "నడవండి" అని రాసి పంపేటప్పుడు ఆయన ఏ వీధిలో నడుస్తాడో మేము అడగం. అడగాలి. ఈ మధ్య నేను అడుగుతున్నాను. ఇంటికీ పాల బూత్‌కూ మధ్య ఏముందో చెప్పమంటే సగం వైద్యం అక్కడే దొరుకుతోంది.

ట్రిప్లికేను_సుమతి
ఎవరూ ఎత్తని సంగతి ఒకటి. మరుగుదొడ్డి. మా అమ్మ నీళ్లు తాగి బయలుదేరమంటే తాగదు, ఎందుకంటే దారిలో వెళ్లడానికి ఎక్కడా ఉండదు. వైద్యుడుగారు నీళ్లు తాగమంటున్నారు, ఊరు తాగవద్దంటోంది. నీరు తీసే మాత్ర వేసుకున్న మగవాళ్లకూ అదే బాధ, వాళ్లు బయటికి చెప్పరు. మెరీనా వైపు ఎందుకు రావమ్మా అంటే ఆమె మొదట అడిగేది ఇదే.

కోడంబాకం_తాత
నిజం తల్లీ. పొద్దున మాత్ర వేసుకుంటే రెండు గంటల సేపు ఇల్లు కదలను. అప్పటికి ఎండ వచ్చేస్తుంది.

పెరంబూరు_వైద్యుడు
తాతగారూ, ఆ మాత్ర వేళ మార్చవచ్చేమో మీ డాక్టరును అడగండి. చాలామందికి నడక అయ్యాక వేసుకున్నా సరిపోతుంది.

షికాగో_తెలుగు
మా అమ్మ చెన్నై నుంచి వచ్చి మా దగ్గర ఏడాది ఉంది. ఇక్కడ కథ తలకిందులు. ఎండ కాదు, మంచు. ఇంటి ముందు కాలిబాట మీద మంచు ఆ ఇంటివాళ్లే తీయాలని నగరపు నియమం, చాలామంది తీస్తారు కూడా. కానీ వీధి మలుపులో కరిగి మళ్లీ గడ్డకట్టిన చోట నున్నటి మంచుగడ్డ ఉంటుంది, దాని మీద కాలు పెడితే అంతే. అందుకని చలికాలమంతా పెద్దవాళ్లు షాపింగ్ మాల్ లోపల నడుస్తారు. వెచ్చగా ఉంటుంది, నేల చదునుగా ఉంటుంది, బెంచీలు, మరుగుదొడ్లు ఉంటాయి. తాతగారు, సుమతి గారు చెప్పినవన్నీ అక్కడ దొరుకుతాయి. మా అమ్మకు అది నచ్చింది. వేసవిలో శివారులోని మా అన్నయ్య ఇంటికి వెళ్లాక మాత్రం నడవలేదు. హాయిగా ఉండే వాతావరణం, కానీ ఫుట్‌పాత్ లేదు, నడిచి చేరే దుకాణం ఒక్కటీ లేదు. గాలి చల్లగా ఉంటే చాలదని నాకు అప్పుడు అర్థమైంది.

నడుస్తూనే_ఉందాం
మన దగ్గరా ఎండాకాలం మాల్‌లో నడవవచ్చు కదా?

అంబత్తూరు_బాబాయి
వెళ్లడానికి ఆటో, రావడానికి ఆటో. పింఛను ఆటోవాలాకే సరిపోతుంది.

వేపనీడ
చెట్ల గురించి చెప్పాలి. 2016 డిసెంబరులో వర్దా తుఫాను ఒక్క రోజులో వేల చెట్లను కూల్చింది. మా వీధిలో రెండు వైపులా కలిసిపోయి పందిరిలా ఉండే కొమ్మలు పోయాయి. ఆ వేసవి నుంచే మా పెద్దమ్మ నడిచే దారి మారింది, తర్వాత దూరం తగ్గింది, తర్వాత నడకే పోయింది. అప్పుడు కూలినవాటిలో పైపై వేళ్లున్న తురాయి లాంటివి ఎక్కువ. మళ్లీ నాటేటప్పుడు వేప, కానుగ నాటితే గాలికి బాగా నిలబడతాయి, నీడా చిక్కగా ఉంటుంది. మొక్క చుట్టూ సిమెంటు పోసి బిగించవద్దు. వేరుకు చోటు లేని చెట్టు తర్వాతి తుఫానుకు మన మీదే పడుతుంది. నీడలో నడిచినప్పుడూ ఎండలో నడిచినప్పుడూ థర్మామీటరు అంకె పెద్దగా మారదు. ఒంటికి తగిలే వేడి మాత్రం చాలా మారుతుంది, ఎందుకంటే సూర్యుడి వేడి నేరుగా తగలదు, కింద నేల కూడా కాలదు.

అడయారు_వరద
మీరందరూ ఎండ పట్టుకున్నారు. మాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే నడక బందు. చెన్నై వానలో సగానికి పైగా ఆ మూడు నెలల్లోనే పడుతుంది. మా నాన్నగారు 2015 డిసెంబరు వరదలు చూసిన మనిషి. వీధిలో చీలమండ లోతు నీళ్లు కనబడితే చాలు, గుమ్మం దగ్గరే ఆగిపోతారు. నీళ్ల కింద మూత లేని కాలువ ఉందో, విరిగిన పలక ఉందో ఎవరికి తెలుసు? వాన వెలిసి రోడ్డు ఆరాక కూడా ఫుట్‌పాత్ మీది నునుపు టైల్స్ జారుతూనే ఉంటాయి. అందంగా ఉంటుందని వేసిన టైల్ మీద నాచు పడితే పడుచువాళ్లు కూడా నిలవలేరు.

లజ్_మూల
మాంబళం సంగతి చెప్పనా? టి. నగర్ 1920లలో చెరువును పూడ్చి కట్టిన పేట. లాంగ్ ట్యాంక్ అనేవాళ్లు. పశ్చిమ మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు అని పేరు ఇంకా ఉంది, చెరువు లేదు. వాన నీరు పాత చోటు వెతుక్కుంటూ వస్తుంది. పశ్చిమ మాంబళాన్నీ టి. నగర్‌నూ కలిపే, రైలు పట్టాల కింది దొరైస్వామి సబ్‌వే నిండిందంటే ఇటువాళ్లు ఇటే, అటువాళ్లు అటే.

ట్రిప్లికేను_సుమతి
మెరీనాలో 2022 నవంబరులో వీల్‌చైర్లు నీళ్ల దగ్గరి దాకా వెళ్లేలా ఇసుక మీద చెక్కబాట వేశారు. మా అమ్మ కర్ర పట్టుకుని దాని మీద నడిచి చాలా ఏళ్ల తర్వాత అలలను దగ్గరగా చూసింది. కొద్ది రోజులకే డిసెంబరులో మాండూస్ తుఫాను దాన్ని దెబ్బతీసింది. తర్వాత బాగుచేశారు. ఏది కట్టినా ఈ సముద్రాన్నీ ఈ తుఫాన్లనూ లెక్కలో పెట్టుకుని కట్టాలి, కట్టినదాన్ని చూసుకోవాలి. కానీ కట్టడం మానవద్దు. ఆ రోజు మా అమ్మ ముఖం చూసినవాళ్లెవరూ అది వృథా ఖర్చు అనరు.

వేపనీడ
చెన్నైకి 2014లోనే నడకకు, సైకిలుకు పెద్దపీట వేసే విధానం ఉంది, దేశంలో మొదటి నగరం మనదే. టి. నగర్‌లోని పాండీ బజారులో 2019లో ఫుట్‌పాత్‌లు వెడల్పు చేశారు, ఇప్పుడు పెద్దవాళ్లు అక్కడ నిదానంగా తిరగడం చూస్తున్నాం. 2025 మేలో సుప్రీంకోర్టు కూడా అడ్డంకులు లేని ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని చెప్పింది. కాగితం మీద అంతా ఉంది. పెద్ద రోడ్లకు జరిగింది లోపలి వీధులకు జరగాలి, ఎందుకంటే 75 ఏళ్ల మనిషి నడక ఇంటి ముందు వీధిలోనే మొదలవుతుంది. అక్కడే ఆగిపోతే పాండీ బజారు ఎంత బాగుండి ఏం లాభం?

మాంబళం_కోడలు
ఇవన్నీ చదివి నిన్న సాయంత్రం మామగారితో నేనూ నడిచాను. ఆయన ఎక్కడ ఆగుతారో చూస్తూ వెళ్లాను. మా గేటు నుంచి మలుపు దాకా బాగానే నడిచారు. మలుపులో ట్రాన్స్‌ఫార్మర్ ఫుట్‌పాత్ మొత్తం ఆక్రమించి ఉంది. దాన్ని దాటాలంటే కిందికి దిగి రోడ్డు మీద నడవాలి, ఎదురుగా బస్సు మలుపు తిరుగుతుంది. అక్కడ ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. చెయ్యి వణికింది. ఇన్నాళ్లూ "ఎండమ్మా" అన్నది ఈ మూల గురించి కూడా అనుకుంటాను. పడిపోతానేమోనని భయంగా ఉందని కోడలితో ఏ మామగారు చెబుతారు?

ఆళ్వార్‌పేట_అమ్మాయి
చదువుతుంటే కళ్లు చెమర్చాయి.

రిటైర్డు_ఇంజినీరు
వెనుక వీధిలోంచి ఆ మూలను తప్పించే దారి ఉందేమో చూడండి. నాలుగు అడుగులు ఎక్కువైనా ఫర్వాలేదు. అర్జీ కూడా పెట్టండి. "ఫుట్‌పాత్ బాగుచేయండి" అని రాస్తే ఎవరూ కదలరు. ట్రాన్స్‌ఫార్మర్ మీది నంబరు, మిగిలిన వెడల్పు ఎన్ని సెంటీమీటర్లు, మెట్టు ఎత్తు ఎంత, మనిషి రోడ్డు మీదికి దిగుతున్న ఫోటో, ఇవి పెట్టి రాయండి. ట్రాన్స్‌ఫార్మర్ కదలదు, ఏళ్లు పడుతుంది. కానీ దాని పక్కన రోడ్డు అంచున నాలుగు స్తంభాలు పాతి, నేల ఎత్తు సమం చేసి, బస్సు నుంచి కాపాడే సందు ఇవ్వవచ్చు. అది చిన్న పని. అదే అడగండి.

అన్నానగర్_బ్లాకు
సిగ్నలు చూశాను. 15 సెకన్లు. నేనే వేగంగా నడవాల్సి వచ్చింది. మా అమ్మను ఇక సీరియళ్ల గురించి అనను.

కోడంబాకం_తాత
కోడలమ్మా, మీ మామగారికి వీధి భయం సగం, మాట్లాడే మనిషి లేకపోవడం సగం. తెనాలిలో అడుగు బయట పెడితే పలకరించేవాళ్లు ఉంటారు. ఇక్కడ ఎవరున్నారు? శనివారం సాయంత్రం అయిదున్నరకు మీ పేటలోని అయోధ్య మండపం దగ్గరికి తీసుకురండి. నేనూ, ఇద్దరు ముగ్గురు తెలుగువాళ్లమూ అక్కడే ఉంటాం. మాలో ఒకాయనది గుంటూరే. కూర్చోవడానికి చోటు ఉంది, కాఫీ దగ్గరలోనే దొరుకుతుంది. మొదటి రోజు నడక గురించి ఎత్తవద్దు.

మాంబళం_కోడలు
తప్పకుండా తీసుకొస్తానండీ. గుంటూరు ఆయన ఉన్నారంటే ఇస్త్రీ చొక్కా ఇప్పుడే తీస్తారు.

అంబత్తూరు_బాబాయి
మా అమ్మను తీసుకుని రైల్లో మాంబళం స్టేషనులో దిగితే మేమూ రావచ్చా? వాన పడితే ఏమిటి చేయడం?

లజ్_మూల
వాన పడితే స్టేషను నుంచి టి. నగర్ బస్ స్టాండు దాకా 2023లో తెరిచిన స్కైవాక్ ఉంది కదా. దాదాపు 570 మీటర్లు, పైన కప్పు, ఎక్కడానికి లిఫ్టు. ఒకసారి పోయి వస్తే కిలోమీటరు దాటుతుంది. రద్దీ లేని వేళ చూసుకోండి, పండగ ముందు శనివారాలు మాత్రం వద్దు.